మూడు రోజుల గదిలో కంప్యూటరు

మా అత్తగారింట్లో రహస్యం అనేది నిలిచేది కాదు. ఎవరో పనిగట్టుకుని బయటపెట్టేవారని కాదు, ఆ ఇల్లే అలా కట్టారు. తెనాలిలో పాత ఇళ్ళ వరసలో మాదొకటి. మాకూ పక్కింటికీ మధ్య గుండెలెత్తు గోడ ఒక్కటే అడ్డం. ఇటు తిరగమోత వేస్తే అటు తుమ్మేవారు. పక్కింటి పిన్నిగారు మోచేతులు ఆనించి మాట్లాడే చోట గోడకి సున్నం అరిగిపోయి నున్నగా ఉండేది. ఆ గోడ దగ్గర పొద్దున అన్న మాట సాయంత్రానికి వీధి చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చేది.

ఆచారం కూడా ఆ ఇంట్లో గట్టిగానే సాగుతుండేది. నెలకి మూడు రోజులు ఆడవాళ్ళు బయట ఉండాలి. బయటంటే వీధిలో కాదు, పెరటివైపున్న వెనక గదిలో. చాప వేరు, చెంబు వేరు, కంచం వేరు. వంటింటి గడప తొక్కకూడదు, ఎవరినీ తాకకూడదు, నాలుగో రోజు తలస్నానం చేసి లోపలికి రావాలి. నేనేమో అప్పటికే బాపట్లలో ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్లు చెప్తున్నాను. ఆ మూడు రోజులూ కూడా పొద్దున్నే పాసింజరెక్కి, ఆడవాళ్ళ పెట్టెలో ఇంచుమించు ఒకరి ఒళ్ళో ఒకరం కూర్చుని, కాలేజీలో చాక్‌పీసు దగ్గర్నించి మౌసు దాకా అన్నీ ముట్టుకుని, సాయంత్రం ఇంటికొచ్చి, పెరటి గుమ్మంలోంచి ఆ గదిలోకి పోయి దూరంగా కూర్చునేదాన్ని. ఊరందరికీ లేని అంటు ఇంటికొచ్చాకే ఎందుకు పుడుతుందని ఒకసారి మా ఆయన్ని అడిగాను. ఆయన పొన్నూరులో ఒక బ్యాంకు బ్రాంచిలో పనిచేసేవారు, లెక్కలో మనిషి. పేపరు తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నారు.

నిజం చెప్పాలంటే దూరంగా కూర్చోవడం నాకేం కష్టంగా ఉండేది కాదు. వంట తప్పేది, నడుం వాల్చుకోవచ్చు. నా బాధ వేరు. నేను కూర్చున్న సంగతి ఇంటికీ పక్కింటికీ, పూలమ్మికీ పనిమనిషికీ తెలిసిపోయేది. కూర్చోకపోతే అదీ తెలిసిపోయేది. పెళ్ళయి అయిదారేళ్ళయినా పిల్లల్లేని కోడలి విషయంలో ఆ రెండో సంగతి ఎంత పెద్ద వార్తో వేరే చెప్పక్కర్లేదు.

అలాగే ఒకసారి తెలిసిపోయింది. ఒక నెల రోజు దాటింది. నాకింకా అనుమానంగా ఉండగానే పిన్నిగారు గోడ మీంచి, "ఏంటమ్మాయ్, ఈ నెల నువ్వు బయట కూర్చున్నట్టు లేదే" అన్నారు. మా అత్తగారు పట్టలేని సంతోషంతో రేపల్లె ఫోను చేశారు. మా పుట్టిల్లు రేపల్లె. మర్నాటి పాసింజరుకే మా అమ్మ పళ్ళతోటీ, నాకిష్టమైన గోంగూర పచ్చడితోటీ దిగింది. మూడో నెలలో పుట్టింటివాళ్ళు ఎవరికీ చెప్పకుండా చలిమిడి తెచ్చి కూతురి కొంగులో పెట్టి వెళ్తారు, దాన్ని దొంగ చలిమిడి అంటారు. ఆ దొంగతనానికి ఏ రోజు మంచిదో అమ్మ హాల్లో కూర్చుని అందరి ఎదుటా క్యాలెండరు చూసింది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు వియ్యపురాళ్ళిద్దరూ పేర్ల దాకా వెళ్ళిపోయారు. నేను లోపల భయపడుతూనే వాళ్ళతోపాటు నవ్వాను.

కొద్ది రోజులకే అది పోయింది.

పోయిన బాధ ఒక ఎత్తు, దాన్ని కనిపించిన ప్రతివాళ్ళకీ విప్పి చెప్పడం ఇంకో ఎత్తు. రైల్లో ఒకావిడ మజ్జిగ సీసా చేతిలో పెట్టి, తాగమ్మా ఇప్పుడు ఇద్దరికి తాగాలి అన్నప్పుడు, లేదండి అని చెప్పాను. ఆవిడ ఏడ్చారు, నేను ఓదార్చాను. పూలమ్మి, పిన్నిగారు, మా అమ్మ, కాలేజీలో ఆయా, అందరినీ ఓదార్చేసరికి నాకు ఏడవడానికి వంతు రాలేదు. వాళ్ళంతా మంచివాళ్ళే, అదే చిక్కు. చెడ్డవాళ్ళయితే నాలుగు తిట్టుకుని ఊరుకుందును. ఈసారంటూ ఏదైనా ఉంటే ముందు నాకు తెలియాలి, నాకొక్కదానికే తెలియాలి, కొన్నాళ్ళు నా దగ్గరే ఉండాలి అని గట్టిగా అనుకున్నాను. అలా ఉంచుకోవడానికి ఒక చోటు కావాలి.

కాగితం కుదరదు. మా ఇంట్లో అక్షరం కనిపిస్తే చదవకుండా వదలడం లేదు. మామగారు పోయాక మా అత్తగారికి చదువే కాలక్షేపం. పునుగులు కట్టించుకొచ్చిన కాగితం కూడా నూనె మరకల మధ్యనించి కూడబలుక్కుని చదివి, ఆ కథలో మిగతా సగం ఎవరింటికి పోయిందోనని విచారించేవారు. నా డైరీని పరుపు కింద పెడితే పరుపు ఎండేసే రోజున దొరుకుతుంది, బీరువాలో పెడితే బీరువా సర్దే రోజున దొరుకుతుంది. ఆవిడ దాన్ని దొంగచాటుగా చదవరు. మధ్యాహ్నం భోజనాలయ్యాక హాల్లో కూర్చుని, అందరూ వినేలా చదువుతారు.

కంప్యూటరు మా ఇంటికొచ్చింది ఆ రోజుల్లోనే. తెనాలిలోనే ఒక షాపులో విడిభాగాలు కూర్చి ఇచ్చారు. హాల్లో టీవీ పక్కన చోటు చాలక, దాన్ని తీసుకెళ్ళి వెనక గదిలో పెట్టారు. పెట్టాక నా మూడు రోజులు వచ్చాయి. అప్పుడు పుట్టింది ప్రశ్న, నేను దాన్ని ముట్టుకోవచ్చా అని. అత్తగారు కాసేపు ఆలోచించి, ప్లాస్టిక్కే కదా, ముట్టుకో, నాలుగో రోజు పసుపు నీళ్ళు చల్లుకుంటే సరిపోతుంది అని తేల్చారు. నాలుగో రోజు నేను తలస్నానానికి వెళ్ళిన సమయంలో ఆవిడే శ్రద్ధగా కీబోర్డు మీద పసుపు నీళ్ళు చల్లేశారు. నేను వచ్చేసరికి ఏ అక్షరం నొక్కినా ఒకే అక్షరం పడుతోంది, అది కూడా ఆగకుండా. కొత్త కీబోర్డు కొనుక్కొచ్చాక ఆవిడ మళ్ళీ ఆలోచించి తీర్పు మార్చారు. "కరెంటంటే అగ్నిహోత్రమే కదమ్మా. అగ్నికి అంటేంటి? నీళ్ళు అక్కర్లేదు." శాస్త్రం ఎంత చక్కగా దారిచ్చిందో చూడండి. దాంతో నెలకి మూడు సాయంత్రాలు ఆ గదీ కంప్యూటరూ పూర్తిగా నావి అయిపోయాయి, నన్ను తాకకూడదు కాబట్టి ఆ గడప దాటి ఎవరూ వచ్చేవారు కాదు.

రెండువేల ఆరో ఏడో, సరిగ్గా గుర్తులేదు. తెలుగులో బ్లాగులు అప్పుడప్పుడే మొలుస్తున్నాయి. ఉచితంగా చోటిచ్చే ఒక సైటులో మారుపేరుతో నేనూ ఒకటి తెరిచాను. పేరు లేనప్పుడు మనిషి లేనట్టే కదా అనుకున్నాను. పసుపు నీళ్ళ కథ రాశాను. రైలు గురించి రాశాను. ఒక సాయంత్రం, ఎలా ధైర్యం వచ్చిందో, పోయినదాని గురించి కూడా రాశాను.

ఆ వారమే మా స్టాఫ్‌రూములో ఫిజిక్సు చెప్పే సారు కంప్యూటరు ముందు కూర్చుని, "వినండి, ఎవరో ఆవిడ భలే రాస్తున్నారండి. వాళ్ళ అత్తగారు కంప్యూటరుకి సంప్రోక్షణ చేశారుట" అని మొదలుపెట్టారు. నా వాక్యాలు ఒక్కొక్కటీ ఆయన గొంతులో వస్తున్నాయి. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆయన తరవాతి పేజీకి వెళ్ళి రెండు లైన్లు చదివి ఆగిపోయారు. "ఇది వద్దులెండి. పాపం, ఆవిడకేదో కష్టం వచ్చినట్టుంది" అని పేజీ మూసేశారు. తరవాత నావైపు తిరిగి, "తెనాలి ఆవిడలా ఉన్నారు మేడమ్. మీకు తెలిసినవాళ్ళేమో" అన్నారు. "తెనాలి పెద్ద ఊరండి" అన్నాను. ఆయన మంచితనానికి దణ్ణం పెట్టాలి, కానీ ఆయన ఇంకోమాట అనేలోపే నేను క్లాసుందని లేచి వెళ్ళిపోయాను.

ఆ సాయంత్రమే అంతా తుడిచేశాను. తుడిచాక కూడా వెతికితే పాత నకలు ఇంకెక్కడో చాలా రోజులు కనబడుతూనే ఉంది. ఎవరికీ కనబడకుండా తాళం పెట్టుకునే వీలు ఆ సైటులో ఉందనీ నాకు తెలుసు. అయినా మనసొప్పలేదు. ఊరికే ఇచ్చిన ఇంట్లో ఉన్నప్పుడు తలుపు గడియ మన చేతిలో ఉన్నా, ఇల్లు మాత్రం వాళ్ళదే. రేపు ఖాళీ చెయ్యమంటే నేనెక్కడికి మోసుకుపోవాలి? ఎవరి చోటులోనో ఉండే అలవాటు నాకు ఇంట్లోనే చాలినంత ఉంది.

అందుకని, నా రాత నా కంప్యూటరులోనే ఉండే సాఫ్ట్‌వేరు కోసం వెతకడం మొదలుపెట్టాను. సైటు ఎక్కడో దూరదేశంలో కాక మన పెట్టెలోనే నడుస్తుంది. వడ్డించేదీ అదే, తినేదీ అదే. ఇలాంటివి ఉచితంగా దొరికేవి. కాలేజీ ల్యాబులో దింపుకుని, పెన్‌డ్రైవులో ఎక్కించి, దాన్ని హ్యాండుబ్యాగులో టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని తెనాలి తెచ్చుకునేదాన్ని. ఇంట్లో ఫోను తీగ మీద వచ్చే నెట్టుతో అయితే తెల్లవార్లూ దింపినా దిగేది కాదు.

మొదట పెట్టింది పేరున్న పెద్ద బ్లాగు సాఫ్ట్‌వేరే. దాన్ని నిలబెట్టడానికే, కరెంటు కోతల మధ్య, ఒక నెల మూడు సాయంత్రాలూ సరిపోయాయి. నిలబడ్డాక రాయబోతే ముందు శీర్షిక అడిగింది. ఆ రోజు నేను ఏడుపు ఆపుకుని క్లాసు చెప్పి వచ్చాను, దానికి శీర్షికేంటి? సరే, ఏదో పెట్టి రాశాను. రాసినదాని కింద "వ్యాఖ్యలు: సున్నా" అని వచ్చింది. నేను తప్ప ఎవరూ చదవని చోట కూడా, ఎవరూ పలకరించలేదని లెక్క చెప్పే యంత్రం అది. ఆ వరసని ఎలా తీసెయ్యాలో నేర్చుకుని తీసేశాను. ఇంకో నెల గడిచింది, ఆ పైనెల కూడా. అప్పుడు చూశాను పక్కనున్న క్యాలెండరుని. రాసిన తేదీలని అది రంగులో చూపిస్తుంది. నెలకి మూడు, వరసగా మూడు. ఒక్క మాట కూడా చదవకుండా, దూరం నించి ఆ పేజీని చూసినవాళ్ళకెవరికైనా నా సంగతి మొత్తం తెలిసిపోతుంది. గోడ మీది మోచేతుల్ని తీసుకొచ్చి నేనే నా డైరీలో పెట్టుకున్నట్టయింది.

అది తీసేసి వికీ అనేదొకటి పెట్టాను. పేజీలు పేజీలుగా, ఎలా కావాలంటే అలా రాసుకోవచ్చు. శీర్షిక బాధ పెద్దగా లేదు, క్యాలెండరు లేదు. చాలా నచ్చింది. ఒకరోజు పాలు పొంగిపోయాయని అత్తగారు ఒక మాట అంటే, నేను కోపంలో ఆవిడ మీద నాలుగు మాటలు రాసి, మర్నాడు సిగ్గేసి తుడిచేశాను. తీరా చూస్తే ఆ వికీ ఏదీ పారెయ్యదు. తుడిచింది కూడా, ఎప్పుడు రాశానో ఎప్పుడు తుడిచానో గంటతో సహా దాచిపెడుతుంది. చరిత్రకారులకి మంచిదే. కోడళ్ళకి పనికిరాదు. కోపంలో అన్న మాట పోవడానికి వీల్లేని చోట కాపరం చెయ్యలేననిపించింది.

మూడోది చాలా చిన్నది. ఎవరో విద్యార్థి తన కోసం తయారుచేసుకుని, కావలసినవాళ్ళు వాడుకోండని వదిలేశాడు. అందులో ఏమీ లేదు. ఒక ఖాళీ పేజీ, ఒక పాస్‌వర్డు. రాసినది మామూలు అక్షరాల ఫైలుగా ఒక ఫోల్డరులో పడుతుంది. ఆ విద్యార్థి రేపు ఉద్యోగంలో చేరి దీన్ని మర్చిపోయినా, నా ఫైలు ఏ కంప్యూటరులోనైనా తెరుచుకుంటుంది. మొదట్లో తెలుగు రాస్తే ప్రశ్నార్థకాలు పడేవి. ఒక లైను మారిస్తే అదీ కుదిరింది. ఏ సాఫ్ట్‌వేరులో ఏమున్నాయని నెలల తరబడి చూసినదాన్ని, చివరికి ఏమేం లేవో చూసుకుని దాన్ని ఉంచేసుకున్నాను. "అ" అని కొడితే "అ" పడింది. ఆ రోజు నాకు ఎంత సంతోషం వేసిందంటే, వెనక గదిలో ఒక్కదాన్నే కూర్చుని చప్పట్లు కొట్టుకున్నాను.

ఆ సంతోషం కొన్నాళ్ళే. మా అత్తగారు నెట్టులో తెలుగు పేపర్లు వస్తాయని విని మౌసు పట్టడం నేర్చుకున్నారు. ఒకరోజు ఆవిడ ఏదో నొక్కబోయి ఇంకేదో నొక్కితే నా డైరీ వచ్చి పాస్‌వర్డు అడిగింది. నేను కాలేజీ నించి వచ్చేసరికి ఆవిడ ముఖం మాడ్చుకుని కూర్చున్నారు.

"తాళం వేశావుటగా" అన్నారు. "ఈ ఇంట్లో బీరువాకి తాళం వెయ్యం. వీధి తలుపుకి తప్ప తాళం అన్నది నేనెరగను. ఇంట్లో తాళం పడిందంటే ఇంట్లోనే దొంగ ఉన్నట్టు. ఉన్నది ముగ్గురం. మరి ఆ దొంగ నేనేనా?"

మా ఆయన వెనకనించి, "అది కాలేజీ పనమ్మా, పరీక్షల పేపర్లవీ ఉంటాయి" అన్నారు. ఆయన నాకోసమే అన్నారు గానీ, నాకు ఒళ్ళు మండింది. నా చోటుని కాపాడుకోవడానికి అది నాది కాదని చెప్పుకోవాలా?

"కాలేజీది కాదు అత్తయ్యా. నాదే. నేను రాసుకునేవి."

"మా మీదా?"

"కొన్ని మీ మీద కూడా."

"మంచా, చెడా?"

"రెండూ ఉన్నాయి."

"బాగా రాస్తావా?" అని అడిగారు. ఏమో తెలియదన్నాను. "చదవనివ్వనిదానికి బాగెందుకులే" అని లేచి వెళ్ళిపోయారు. ఆ తరవాత చాలా రోజులు నాతో అవసరమైన మాటలే మాట్లాడారు. ఆవిడ బాధ నాకు అర్థమైంది. ఒకే కప్పు కింద ఉంటూ నా ముందు తలుపేసుకున్నావే అన్నది ఆవిడ బాధ. తలుపు లేకపోతే నాకు ఊపిరాడదన్నది నా బాధ. ఇద్దరివీ నిజమైనప్పుడు ఎవరు తగ్గాలో నాకు తెలియలేదు. పాస్‌వర్డు మాత్రం తియ్యలేదు.

అలా ఏడాది గడిచింది. డైరీలో వంట రాశాను, రైలు రాశాను, గుంటూరులో డాక్టరమ్మ చెప్పినవి రాశాను, ప్రతినెలా ఆ గదిలోకి వెళ్ళినప్పుడు అత్తగారు "పోన్లే అమ్మా" అనే తీరు రాశాను. క్యాలెండరు లేదు కాబట్టి ఇష్టం వచ్చినప్పుడు రాశాను, మానాను.

తరవాత ఒక నెల రోజు దాటింది. నేను ఎవరితోనూ అనలేదు. పరీక్ష చేసుకునే పట్టీ తెనాలిలో కొంటే షాపతనికి మా వాళ్ళంతా తెలుసు, అందుకని బాపట్లలో స్టేషను దారిలో కొన్నాను. కాలేజీ బాత్‌రూములో చూసుకున్నాను. రెండో గీత వచ్చింది. తిరుగు రైల్లో పొలాలన్నీ కొత్తగా కనిపించాయని అనను, అవి రోజూ ఉన్నట్టే ఉన్నాయి. నేనే నవ్వకుండా ఉండడానికి పెదవి కొరుక్కుంటూ కూర్చున్నాను. పొన్నూరుకి స్టేషనైన నిడుబ్రోలులో మా ఆయన ఎక్కుతారని తెలిసినా ఆడవాళ్ళ పెట్టెలోంచి దిగలేదు. ఇంటికెళ్ళి, కాళ్ళు కడుక్కుని, వెనక గదిలో కంప్యూటరు పెట్టి, పాస్‌వర్డు కొట్టి రాశాను. "ఇవాళ తెలిసింది. నాకొక్కదానికే." అంతే రాశాను. ఆ రెండు మాటల్ని చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో. ఆ ఇంట్లో అందరికంటే ముందు నాకు తెలిసిన నా సంగతి అదొక్కటే.

మర్నాడు పొద్దున్న ప్లాట్‌ఫారం మీద మా ఆయనకి చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, అది శుభ్రంగానే ఉంది. నా భయం కూడా చెప్పాను. ఇంకో రెండు రోజులు పోతే పిన్నిగారు గోడ మీంచి అడుగుతారు. అందుకని ఈ నెల కూడా బయట కూర్చుంటాను.

"అమ్మకి అబద్ధం చెప్తావా?" అన్నారు.

"అత్తయ్యకి చెప్తే సంతోషం ఆపుకోలేరండి. అది ఆవిడ తప్పు కాదు. కానీ ఈసారి కూడా పోతే, ఊరందరినీ ఓదార్చే ఓపిక నాకు లేదు."

రైలొచ్చింది.

శనివారం సాయంత్రం కాలేజీ నించి వస్తూనే పెరటివైపు తిరిగాను. బావి దగ్గరున్న అత్తగారు నన్ను చూశారు. ఆవిడ ముఖం ఎప్పటిలాగే చిన్నబోయింది. "పోన్లే అమ్మా" అన్నారు. ఆ మాటకి నా గుండె చెరువైంది. చెప్తే ఎగిరి గంతేసే మనిషికి, కావాలని నిరాశ వడ్డిస్తున్నాను. చాప పరుచుకుని కూర్చున్నాను గానీ, చెప్పేద్దామని రెండుసార్లు లేచి, మళ్ళీ కూర్చున్నాను.

మర్నాడు ఆదివారం. అత్తగారు స్నానం చేసి మడి కట్టుకుని వంటలో ఉన్నారు. నేను డైరీ తెరిచి రాసుకుంటున్నాను. రాస్తున్నది ఆవిడ గురించే. వంటింట్లో ఇంగువ తిరగమోత వేశారు. ఏనాడూ లేనిది, ఆ వాసన నా గొంతు పట్టుకుంది. నోరు మూసుకుని పెరట్లోకి పరుగెత్తి, కాలవ దగ్గర కూలబడి వాంతి చేసుకున్నాను. రెండో విడత వస్తుండగా ఎవరో వెనకనించి నా నుదురు గట్టిగా పట్టుకున్నారు. తడి చెయ్యి. పసుపు వాసన. అత్తగారు.

మడి కట్టుకున్న మనిషి. ఈ మూడు రోజుల్లో నా నీడ పడితే తప్పుకునే మనిషి. నేను తల తిప్పి, "అత్తయ్యా, నేను బయట..." అన్నాను.

"ఉండు, మాట్లాడకు" అన్నారు. రెండో చేత్తో వీపు రాశారు. చెంబుతో నీళ్ళు పోసి నోరు కడిగించారు. జబ్బ పట్టుకుని వెనక గదిలోకి నడిపించుకొచ్చారు. గదిలో కంప్యూటరు వెలుగుతోంది. నేను మూయకుండా వెళ్ళిపోయిన పేజీ, దాని నిండా తెలుగు. ఆవిడ పేరు పెట్టి రాయలేదు గానీ, "అత్తయ్య" అన్న మాట లైనుకొకటి ఉంది. పునుగుల కాగితాన్ని వదలని మనిషి, ఆ తెర ముందు నించుని ముఖం పక్కకి తిప్పుకున్నారు.

"దాన్ని మూసెయ్యి" అన్నారు. "చాప మీద పడుకోకు, నడుం పట్టేస్తుంది. మంచం వేయిస్తాను."

ఇంతలో గోడ అవతలనించి పిన్నిగారి గొంతు వినిపించింది. "ఏంటి వదినా, అమ్మాయి వాంతి చేసుకున్నట్టుందీ?" ఆ గొంతులో ఆశ ఉంది, నాకు తెలుసు.

అత్తగారు గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డారు. "అవునండి. రైల్వే స్టేషన్లో ఏదో తిందిట, పడలేదు. నిన్నటినించి బయట ఉంది కదా, దానికి తోడు ఇదొకటి" అన్నారు. పుట్టాక ఆవిడ అంత తేలిగ్గా అబద్ధమాడి ఉండరు. చెప్పేసి, మళ్ళీ స్నానం చెయ్యకుండా, నన్ను తాకిన ఆ చీరతోనే, ఆ చేతులతోనే తిన్నగా వంటింట్లోకి వెళ్ళి పప్పు గిన్నె దించుకున్నారు. అంటు లేదని ఆవిడకి తెలిసిపోయిందని నాకు అప్పుడు రూఢి అయింది. చాప మీద కూర్చుని, పోయినసారి ఏడవాల్సినదంతా ఆ పూట ఏడ్చాను.

ఆ తరవాత ఆవిడ నన్ను ఒక్క మాటా అడగలేదు. నేనూ చెప్పలేదు. కంచంలోకి ఇంగువ రావడం మానేసింది, పొద్దున్నే ఎండు ఖర్జూరాలు నానబెట్టిన గిన్నె నా బల్ల మీద కనిపించేది. రేపల్లెకి ఫోను వెళ్ళలేదు. నాలుగో రోజు తలస్నానం చేసి లోపలికి వచ్చేసి, నేను మామూలుగా కాలేజీకి తిరగడం మొదలుపెట్టాను. నీరసమో, సంతోషమో, తరవాతి నెల తేదీ సంగతి నాకు బొత్తిగా గుర్తులేదు.

ఒక సాయంత్రం కాలేజీ నించి వచ్చి వీధి గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే అత్తగారు ఎదురొచ్చి ఆపేశారు. పక్కింటివైపు ఒకసారి చూశారు. "అటు రాకు, పెరటివైపునించి వెళ్ళు" అని గోడకి వినబడేంత గట్టిగా అన్నారు. వెళ్ళి చూస్తే వెనక గది బయట, గోడ మీంచి చూసేవాళ్ళకి కనబడేలా చాపా చెంబూ పెట్టి ఉన్నాయి. లోపల మంచం మీద పరుపు వేసి ఉంది. ఆవిడ నా వెనకే వచ్చి గొంతు తగ్గించారు.

"ఇవాళ్టినించి మూడు రోజులు నువ్వు బయట ఉన్నట్టు. నీ రాత నువ్వు రాసుకో తల్లీ. ఊరి సంగతి నేను చూసుకుంటాను."